నలభై ఎనిమిదో ముక్క

కొత్తగా చేరినవాళ్లందరూ చేసే తప్పు ఒకటే, అద్దాన్ని నమ్మడం. రెండు మూరల మందం సీసపు అద్దం అది. అవతలి గదిలో మనిషి అడుగుపెడితే రేడియేషన్‌కి బతకడు. ఇవతల పిడులు తిప్పితే అవతల ఇనుప చేతులు కదులుతాయి. దగ్గరగా కనిపించిన వస్తువు తీరా చూస్తే ఇంకో జానెడు అవతల ఉంటుంది.

ఆ అద్దం ముందు ఇరవై రెండేళ్లుగా నిలబడ్డ మనిషి అద్దాలక్క. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ ఇనుప చేతులతో గుండుసూదిని కూడా ఏరుతుంది. "ఇంట్లో మాత్రం వారానికో కప్పు బద్దలు!" అని వాళ్లాయన ఏడిపిస్తాడు.

రియాక్టర్‌లో కాలి బయటికొచ్చిన ఇంధన కడ్డీల్లో ఇంకా బోలెడు సత్తువ మిగిలి ఉంటుంది. దాన్ని తీసి ఫాస్ట్ రియాక్టర్ అనే మరో రకం రియాక్టర్‌కి కొత్త ఇంధనం చేస్తారు. ముందు కడ్డీలను ముక్కలుగా కోసేది అక్కే. ఎన్ని కోస్తే అన్నీ బుట్టలో పడాలి. ఒక్కటి లోపలే ఉండిపోతే తర్వాతి విడతలో కలిసి ఒకేచోట ఇంధనం ఎక్కువ పోగవుతుంది. హద్దు మించి పోగైతే దానంతటదే అణుచర్య మొదలవుతుంది, అది ప్రమాదం.

ఆరోజు నలభై ఎనిమిది కోసింది. బుట్టలో నలభై ఏడే ఉన్నాయి.

కొత్త అధికారి ఒంటికాలిమీద లేచాడు. "కెమెరాలో గదంతా ఖాళీ! కోతలు మీరే తప్పు లెక్కపెట్టుంటారు. లెక్క సరిపోయిందని సంతకం పెట్టండి, అక్కడ రియాక్టర్‌వాళ్లు ఎదురుచూస్తున్నారు."

"అయితే కెమెరా చేతే పెట్టించండి సార్."

"రేపట్నుంచి స్టోర్స్‌లో కూర్చుంటారా?"

ఈ ఇనుప చేతులు దూరమైతే అక్కకిక ఏముంది? అయినా ససేమిరా అంది.

"స్టోర్స్ దారి నాకు తెలుసు. ముక్క దొరికాకే పోతా."

లోపలి దీపాలన్నీ ఆర్పేసి, పక్కదొక్కటే ఉంచింది. అద్దం కళ్లను మోసం చేస్తుంది గానీ నీడను దాచలేదు. అంగుళం అంగుళం వెతికింది. కాళ్లు పీకుతున్నా కుర్చీ ముట్టలేదు.

కోత యంత్రం కాలు పక్కన ఒక నీడ ఎక్కువుంది. ఇనుప చెయ్యి నెమ్మదిగా ఆ కాలి వెనక్కి వెళ్లి, వేలెడు ముక్కను పట్టుకొచ్చింది.

అధికారి గబుక్కున కాగితం చాపాడు.

"ఆగండి. ముందు బుట్టలో పడనివ్వండి."

పడింది. అప్పుడు పెట్టింది సంతకం.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఈ నీడలు చూడటం కొత్తవాళ్లకి నేర్పుతారా?" అని అడిగాడు.

"నేర్పుతాగా! స్టోర్స్‌లో కూర్చోబెట్టి నేర్పమంటారా, ఇక్కడ నిలబెట్టి నేర్పమంటారా?"