మేనమామ నోట మరొకరి గొంతు

మొన్న ఆదివారం మా అక్క కూతురు ల్యాప్‌టాప్ పట్టుకొని శంషాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. కాలేజీ ప్రాజెక్టు కోసం వాళ్లు తీసిన చిన్న సినిమా ఎడిటింగ్ నాకు చూపించాలని. రోడ్డు మీద తీసిన ఒక సీన్‌లో లారీల మోతకు మాట ఒక్కటీ వినపడలేదు. "జర ఆగు మామా" అని పిల్ల ఏదో నొక్కింది. లారీలన్నీ మాయమై మాటలు మాత్రం శుభ్రంగా మిగిలాయి. మెచ్చుకుంటానేమోనని నా మొహం చూసింది. "మస్తుంది బిడ్డా" అన్నాను గానీ, నాకు మా మేనమామ యాదికొచ్చి ఆ తర్వాత చూపించినవేవీ బుర్రకెక్కలేదు.

నా డిగ్రీ ఆఖరి ఏడాదిలో మేం ముగ్గురం కలిసి అలాంటి సినిమానే తీశాం. కెమెరా కందుకూరు దోస్తుది, ఎడిటింగ్ గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిది, నటుణ్ని వెతికే పని నాది. కొడుకుతో మాటలు బందైన ఒక రైతు, వాడికి చెప్పాలనుకున్నవన్నీ తన బర్రెతో చెప్పుకుంటాడు. అదీ కథ. సొంత బర్రె, అలుపు లేని నోరు రెండూ ఉన్న మనిషి నాకు తెలిసి కొత్వాల్‌గూడలోని మా మేనమామే. మేం రాసిచ్చిన డైలాగుల కాగితాన్ని ఆయన గడ్డితో కలిపి బర్రెకే పెట్టేశాడు. అత్తమ్మ కెమెరాకు కనపడకుండా కూర్చొని పలుపు పట్టుకుంటే, ఆయన బర్రె మెడ నిమురుతూ సొంతంగా మొదలుపెట్టాడు. "ఏందే, గట్ల జూస్తవ్? నేను జెప్పేది నీకన్న సమజైతున్నదా?" అన్నప్పుడు కందుకూరు దోస్తు కెమెరా వెనక కండ్లు తుడుచుకున్నాడు.

ఎడిటింగ్‌కు కూర్చున్నాక తెలిసింది, ఆయన నోరు తెరిచినప్పుడల్లా నెత్తి మీద ఒక విమానం ఉందని. ఎయిర్‌పోర్టు పక్కనే బతికే మా చెవులు ఆ మోతను వినడం ఎప్పుడో మానేశాయి. గుంటూరు అమ్మాయి మాత్రం హెడ్‌ఫోన్లు తీసి, "మీ మామయ్యగారు ఇంత బాగా చేశారు, ఒక్క మాటా దక్కలేదు" అని దిగులుగా కూర్చుంది. విమానం లేని ముక్కలు ఏరి అతికించబోయింది. అతికించాక మామ నత్తివాడిలా తయారయ్యాడు. ఇక డబ్బింగే దిక్కన్నారు మా సారు.

మామ ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. గాలాడని గదిలో, మైకు ముందు, తెర మీద తన పెదాలనే చూస్తూ చెప్పబోతే మాట ముందుకో వెనక్కో పోయింది. పొద్దు గుంకేదాకా కష్టపడ్డాడు. "ఎదురుంగ బర్రె లేకపాయె, మాటెట్లొస్తది అల్లుడా? ఎవలన్న సదువుకున్న పిలగానితోని చెప్పియ్యిండ్రి" అని తనే లేచాడు. నాటకాలు వేసే ఒక సీనియర్ చక్కగా చెప్పాడు, చాలా చక్కగా. "ఏమిటే, అలా చూస్తావు?" అని.

సినిమా వేసిన రోజు మామ ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద తన నోరు కదలగానే వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక, "నేను గింత నాజూకుగ మాట్లాడుతనని మీ అత్తకు గూడ తెల్వదు" అని నవ్వాడు. మేమూ నవ్వాం. మరుసటి ఏడాది కొత్త బ్యాచ్‌కు జాగా కావాలని, ఎప్పటిలాగే కాలేజీ కంప్యూటర్లో పాత షూటింగ్ ఫైళ్లన్నీ తుడిచేశారు. పూర్తైన సినిమా మిగిలింది. విమానాల కింది ఆ మాటలు పోయాయి. మోతను తీసేసి మాటను మిగిల్చే రోజొకటి వస్తుందని ఎవరికి మాత్రం తెలుసు? మామ బతికే ఉన్నాడు, కావాలంటే కొత్వాల్‌గూడ పోయి ఎంతసేపైనా వినొచ్చు.

ఆయన గుండెపోటుతో పోయాక, ఏడాది మాసికం నాడు ఆ సినిమా టీవీలో పెట్టమన్నది అత్తమ్మ. మొదటి మాట రాగానే, "ఆవాజ్ బంజెయ్ బిడ్డా" అన్నది. బంద్ చేశాను. మామ పెదాలు కదులుతుంటే, పలుపు పట్టుకొని విన్న ఆ మాటల్ని ఆమె మెల్లగా పలకడం మొదలుపెట్టింది. "ఎండ దంచుతుందే, నీడకు నడువ్ తల్లీ..." ఇంకో రెండు మాటలన్నది. తర్వాత ఆగి, "ఇగ యాదికొస్తలేదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తెర మీద మామ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

పోయినవాళ్ల మొహాలను కాలం చాలా రోజులు మనకే వదిలేస్తుంది. గొంతులనే ముందు పట్టుకుపోతుంది.