ఎత్తని చెయ్యి

మా ఆడపిల్లల బడికి యూనిఫారాలు కుట్టే మనిషిని నేను రైలు అంటాను. తనకి పన్నెండేళ్లప్పుడు నేనే పెట్టిన పేరది. పరిగెత్తేటప్పుడు అడుగులు లెక్కపెట్టుకునేది, పైకే. ఆ గొణుగుడు పక్క లైనులో పిల్లలకి వెనకనుంచి రైలొస్తున్నట్టు వినపడేది. ఇప్పుడు తనకి ముప్పై ఆరేళ్లు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు. బడి తెరిచిన వారంలో వచ్చి, ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టి కొలతలు తీసుకుంటుంది. భయంతో బిగుసుకుపోయిన పిల్లలు కనీసం సగం మంది ఉంటారు. వాళ్లలో ఎవరైనా పొట్ట లోపలికి లాక్కుంటే, భోజనమయ్యాక స్కర్టు హుక్కు నీ మాట వినదే తల్లీ అంటుంది. ఆ పిల్ల నవ్వుతుంది, పొట్ట బయటికొస్తుంది, టేపు పడుతుంది.

కొలతలు రాసే పని నాది. నేను ఆటల టీచర్ని. మొదటి వారం ఆటలుండవు కాబట్టి ఎవరికీ పట్టని పనులన్నీ నా నెత్తినే పడతాయి. అందరివీ అయ్యాక రైలు ఒకసారి గోడకేసి చూస్తుంది. చిన్న సైజు ముప్పై ఒకటి, ఒక్కోదానికి మీటరుంపావు. పెద్ద సైజు ఇరవై ఏడు, మీటరున్నర చొప్పున. వెరసి స్కర్టు గుడ్డ డెబ్భై తొమ్మిదింపావు. ఇది చెప్పినంత సేపూ పట్టదు, నేను పెన్ను మూత పెట్టేలోపే అయిపోతుంది. ఆ అంకె కాగితం అడుగున వేసి నాకు అందిస్తుంది.

"ఒకసారి సరిచూడండి టీచర్. నాకు లెక్కలు రావు కదా."

ఆరేళ్లుగా ఇదే మాట. ఆరేళ్లుగా క్యాలిక్యులేటర్ నొక్కి చూస్తున్నాను, ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. తను ఆ మాట అన్నప్పుడల్లా నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుంటాను.

మా బడి ఎనిమిదో తరగతితో సరి. తొమ్మిదికి రోడ్డు దాటి హైస్కూలుకి వెళ్లాలి. గేటు ఎదురుగా గేటు, గట్టిగా పిలిస్తే పలికేంత దూరం. అయినా అటు వెళ్లిన పిల్ల మళ్లీ ఇటు చూడదు. అక్కడ బెల్టు రంగు వేరు, ఆటల టీచరు వేరు, రిలే జట్టు వేరు. ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగేళ్లూ నేను తయారుచేసిన జట్లు వరసగా రెండో స్థానంలో వచ్చాయి. రెండో స్థానానికి కప్పివ్వరు, కాగితం ఇస్తారు. ఆ కాగితాలు నాలుగూ నా బల్ల సొరుగులో ఉండేవి. స్టాఫ్ రూములో ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారనుకునేదాన్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను.

ఐదో ఏడు రైలు దొరికింది. ఎనిమిదో తరగతి పిల్ల. వెనకనుంచి బ్యాటన్ తెచ్చే పిల్ల ఎన్ని అడుగుల దూరంలో ఉండగా తను కదలాలో తనే లెక్క వేసుకుంది. పదకొండు అని చెప్పింది. నేను కాదు పది అన్నాను. మూడు రోజులు పదితో పరిగెత్తించి, నాలుగో రోజు నోరు మూసుకుని పదకొండుకి ఒప్పుకున్నాను. పోటీ రోజున మూడో పిల్ల బ్యాటన్ జారవిడిచింది, అది రైలు చేతికి వచ్చేసరికే ఆలస్యమైంది. మళ్లీ కాగితమే.

ఆ వేసవి సెలవలకి ముందు చెయ్యెత్తే మీటింగు జరిగింది. మా బడి పద్ధతి ఇది. ఐదు మార్కుల్లోపు తక్కువైన పిల్లల పేర్లు పెద్ద టీచరమ్మ చదువుతుంది. ఏ ఒక్క టీచరు చెయ్యెత్తి 'ఈ పిల్లకి నాది పూచీ' అన్నా చాలు, ఆ మార్కులు కలిపేస్తారు, పిల్ల రోడ్డు దాటుతుంది. ఎవరూ ఎత్తకపోతే మళ్లీ అదే తరగతి. ఈ పద్ధతి సంగతీ, ఎన్ని తక్కువయ్యాయన్నదీ ఇంటికి చెప్పరు, తప్పిందని మాత్రం చీటీ పంపుతారు.

రైలు పేరు చదివారు. లెక్కల్లో నాలుగు తక్కువ. పరీక్ష వారంలో జ్వరంతో కూర్చుని రాసిందని నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు. ఆ పిల్లని ఎరిగినదాన్ని నేనే అని అందరికీ తెలుసు. లెక్కల టీచరమ్మ నావైపు చూసింది, పెద్ద టీచరమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుని చూసింది. నేను వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. అది కట్టే ఉంది. విప్పి మళ్లీ కట్టాను. లేచేసరికి తర్వాతి పేరు చదువుతున్నారు.

మర్చిపోయానని కాదు, మొహమాటమూ కాదు. వెళ్లిపోతే హైస్కూలు వాళ్లకి పరిగెడుతుంది, ఉంటే నాకు పరిగెడుతుంది. అంతే. వయసు కూడా సరిపోయింది, ఇంకో ఏడు ఆడనిస్తారు. అదీ లెక్క చూసుకునే వంగాను.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది, లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి, కూతురి చెయ్యి పట్టుకుని. ఆమె నన్నేమీ అడగలేదు. నేనే ఎదురెళ్లి, మీ అమ్మాయి కోసం ఎంతో చెప్పానమ్మా, వాళ్లు వింటేనా అన్నాను. ఆమె నాకు దణ్ణం పెట్టింది. చెయ్యెత్తనిదానికన్నా ఈ రెండో తప్పే నన్ను ఎక్కువ తింటుంది. మొదటిది ఒక్క క్షణంలో జరిగింది, దీన్ని నోరారా చేశాను.

తర్వాతి ఏడు కప్పొచ్చింది. ఇప్పటికీ ఆఫీసు బయట అద్దాల బీరువాలో ఉంది, పక్కనే ఫొటో. ముగ్గురు పిల్లలు ఒక ఎత్తు, చివర రైలు వాళ్లకన్నా ఒక తల ఎక్కువ ఎత్తు. ఆ ఏడంతా తను చిన్న పిల్లల మధ్య కూర్చుని భోజనం చేసేది, తన ఈడు వాళ్లు ఎదురు గేటులోంచి బయటికొచ్చే వేళకి నీళ్ల పంపు వెనక్కి వెళ్లిపోయేది. నేను చూసేదాన్ని. చూసి, విజిల్ ఊది, ఇంకో రౌండ్ కొట్టు అనేదాన్ని.

ఇదంతా ఇరవై రెండేళ్ల కిందటి మాట. మొన్న కొలతల రోజున ఒక కొత్త పిల్ల వరసలో ఏడుస్తూ నిలబడింది. ప్రవేశ పరీక్షలో లెక్కలు బాగా రాయలేదట, క్లాసులో అందరూ నవ్వుతారట. రైలు నోట్లో సూదులు తీసి మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏడవకు. నాకూ లెక్కలు రావు. ఎనిమిది రెండుసార్లు చదివాను. బడి మొత్తంలో నా కోసం నోరు విప్పింది ఈ టీచరొక్కరే తెలుసా? నీకూ ఉంటారులే ఎవరో ఒకరు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నావైపు గౌరవంగా చూసింది. ఆ చూపు తట్టుకోలేకపోయాను. అబద్ధం నాతో ఆగుతుందనుకున్నాను గాని, ఇంకో పదేళ్ల పిల్లకి ధైర్యం కోసం ఇచ్చే సరుకవుతుందనుకోలేదు. పిల్లలంతా వెళ్లాక, రైలు టేపు చుడుతుండగా చెప్పేశాను. మీటింగు సంగతి, లేసు సంగతి, కప్పు సంగతి. వాళ్లమ్మతో అన్న మాట కూడా. దేన్నీ దాచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు.

తిడుతుందనుకున్నాను. తను టేపు చుట్టడం ఆపింది.

"ఎన్ని తక్కువయ్యాయి టీచర్?"

"నాలుగు."

"నాలుగేనా?"

సగం చుట్టిన టేపు సంచిలో వేసింది. తర్వాత మెల్లగా, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది. పదో తరగతయ్యాక వాళ్ల మేనమామ ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని నేర్చుకోమని చేర్పించబోయాడట. అక్కడంతా లెక్కలే ఉంటాయని తనే వద్దందట.

"నాకు పదో పన్నెండో మార్కులు వచ్చుంటాయనుకున్నాను. నాది మట్టిబుర్ర అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను టీచర్."

ఈ పనంటే నీకిష్టమే కదా అని అడగబోయాను, నా బరువు దించుకోవడానికి. సిగ్గేసి ఊరుకున్నాను. క్షమించమని కూడా అడగలేకపోయాను. అడిగితే తను సరేనంటుంది, అలాంటి మనిషి తను.

కొలతల కాగితం ముందుకు లాక్కుంది. గోడకేసి చూడలేదు. చెవి మీది పెన్సిలు తీసి, ఒక్కో వరసా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పరుగు రోజుల్లోలాగే పైకే లెక్కపెట్టింది. అడుగున అంకె వేసింది. మళ్లీ పైనుంచి మొదలుపెట్టి ఇంకోసారి చూసుకుని, ఆ అంకె కింద గీత గీసింది.

అలవాటు కొద్దీ నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"అక్కర్లేదు టీచర్. సరిపోయింది" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.