గుండు ఏ దేవునికి?

మొన్న ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, మా గల్లీలో కిరాయికి ఉండే ఒక చిన్న వయసు తల్లి తన బిడ్డను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల నెత్తిన ఉన్ని టోపీ చూసి, ఈ ఎండలో దీనికి చలిజ్వరమేమో అనుకున్నాను. తల్లి తలుపు దగ్గరగా వేసి, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, ఆ టోపీ అంచు కొంచెం పైకెత్తి చూపించింది. చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర, అక్కడ వెంట్రుక అన్నదే ఎన్నడూ మొలవనట్టు నున్నగా ఉంది. దాని పక్కన ఇంకొకటి. డాక్టరుకు చూపించిందట, మందు కూడా రాస్తోందట. ఆమె నా దగ్గరికి వచ్చింది మందు కోసం కాదు.

"పెద్దమ్మా, అడిగినోళ్ళకు ఏమని చెప్పాలె?" అంది.

ఆ ప్రశ్న నాకు పాత చుట్టమే. నా బిడ్డ మూడో తరగతి చదివే రోజుల్లో అది మా గడప తొక్కి చాన్నాళ్ళు తిష్ఠ వేసింది. అప్పట్లో నా పెనిమిటి భివండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. నేనూ మా అత్తా ఇక్కడ సిద్దిపేటలో మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టిపెట్టేవాళ్ళం. ఒక ఆదివారం తలంటు పోద్దామని పిల్ల జడ విప్పితే, నా వేళ్ళకు అలాంటి నున్నటి జాగానే తగిలింది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ కాలంలో ఆడపిల్ల జడ చూసి తల్లి పనితనం లెక్కగట్టేవారు. మా అత్త చూసీ చూడగానే పేనుకొరుకుడు అంది. నాకు ఒళ్ళు మండింది. వారం తప్పకుండా పేలదువ్వెన ఆడించే నా చేతికింద పేను ఎట్లా బతుకుతుందని ఆమెతో ఆ పూటంతా కొట్లాడాను.

వైద్యానికైతే కొదవ లేదు, ఇంటికొక వైద్యురాలు తేలింది. ఉల్లిగడ్డ రసం రుద్దమంటే రుద్దాను. గురిగింజలు నూరి పట్టించమంటే అదీ చేశాను, ఆ పూట పిల్ల మంటకు గిలగిల కొట్టుకుంది, తోలంతా పొక్కింది. ఆ గిన్నెను తీసుకెళ్ళి మోరీలో పారబోసి, ఇకమీదట నా బిడ్డ నెత్తి జోలికి ఎవరొచ్చినా ఊరుకోనని వాకిట్లో నిలబడి నలుగురికీ వినపడేటట్టు చెప్పాను. తర్వాత పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళితే, అక్కడి డాక్టరమ్మ ఇది పేను పని కాదనీ, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదనీ, ఒంట్లో రోగాలతో కొట్లాడే శక్తే దారి తప్పి వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుందనీ, పోయిన జుట్టు మళ్ళీ రావచ్చు, వచ్చి పోవచ్చు, అసలు రాకపోవచ్చు అనీ ఉన్నదున్నట్టు చెప్పింది. దాని పేరు అలొపీషియా ఏరియేటా అంది. బస్సులో దారి పొడుగునా ఆ పేరు గొణుక్కుంటూ కూర్చుని, కుకునూరుపల్లి దాటేసరికి నోటికి తెచ్చుకున్నాను. అటుపైన పేనుకొరుకుడు అన్న వాళ్ళ ముఖాన ఆ పేరు విసిరేదాన్ని, సగం మంది అదేదో పెద్ద చదువు అనుకుని నోరు మూసుకునేవారు.

వానాకాలం వచ్చేసరికి మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, జుట్టు అక్కడక్కడా గుప్పెడు మిగిలింది. అప్పుడు మా అత్త ఒక ఉపాయం చెప్పింది. మిగిలింది కూడా గొరిగించి, కొమురవెల్లి మల్లన్న మొక్కు అని చెబుదాం, ఎవరూ మారు మాట అడగరు అంది. మన దిక్కున అది నిజమే కదా, గుండుతో పిల్ల కనబడితే జాలిపడేవాళ్ళు ఉండరు, ఏ దేవునికి ఇచ్చిన్రని అడిగి, పేరు వినగానే చెంపలేసుకుని పోతారు. గొరిగించడం నాకు కూడా మంచిదే అనిపించింది. ఆ రెండో సగమే నా గొంతు దిగలేదు, కానీ మా అత్త నోటికి అడ్డుకట్ట వేయడం నా తరమా.

కొన్నాళ్ళు ఆ మాట చక్కగా చెల్లింది. చిక్కల్లా ఏమిటంటే, దేవునికిచ్చిన జుట్టు మళ్ళీ మొలుస్తుంది, మా పిల్లకు మొలవలేదు. మళ్ళీ గుండేందని అడిగిన వాళ్ళకు మా అత్త వేములవాడ రాజన్న పేరు చెప్పింది, ఆ తర్వాత తిరుపతి వెంకన్న పేరు. తిరుపతి అనగానే ఎదురింటి ఆమె చేయి చాపి ప్రసాదం అడిగింది. మా అత్త తొణకకుండా లోపలికి వచ్చి, దొడ్డిదారిన బజారుకు వెళ్ళి, మిఠాయి కొట్టులో బూందీ లడ్డూలు కట్టించుకొచ్చి, పసుపు బొట్లు పెట్టి గల్లీ అంతా పంచింది. అందరూ కళ్ళకద్దుకుని తిన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగదు, ఆనాడు మాత్రం నా బిడ్డ ఆ లడ్డూ ముట్టలేదు.

అది నేను గమనించాను. జుట్టు ఊడుతున్నన్నాళ్ళూ బడికి ఎగురుకుంటూ పోయిన పిల్ల, ఇప్పుడు ఎవరు పలకరించినా ముందు నాయనమ్మ ముఖం చూసి ఆ తర్వాత నోరు తెరిచేది. ఇవాళ ఏ దేవుని పేరు చెప్పాలో దానికి గుర్తుండేది కాదు పాపం. బయటికి పొమ్మంటే కడుపునొప్పి అనేది. నా బిడ్డ తల వంచింది జుట్టు పోయినందుకు కాదు, మేము నెత్తిన పెట్టిన అబద్ధానికని నాకు అర్థమైంది. జుట్టు నా చేతిలో లేదు, సరే. దాని తల ఎత్తి ఉంచడమన్నా నా చేతిలో లేకపోతే నేను తల్లినెట్లా అవుతానని ఎవరి మీదో తెలియని కోపంతో రగిలిపోయాను.

దసరాకు నా పెనిమిటి భివండి నుంచి వస్తూ వస్తూ బిడ్డకు ఒక విగ్గు తెచ్చాడు. బొంబాయి అంతా తిరిగి కొన్నాడట. దాన్ని గుడ్డలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి ముఖం చూసి నేను వద్దనలేకపోయాను. సద్దుల బతుకమ్మ నాడు పిల్లకు పట్టులంగా కట్టి, విగ్గు పెట్టి, పూలు తురిమి తీసుకెళ్ళాం. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళం వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతుంటే, వంగినప్పుడల్లా ఆ విగ్గు పిల్ల కళ్ళ మీదికి జారుతోంది. నాలుగు చుట్లు తిరిగిందో లేదో, నెత్తి మీది నుంచి దాన్ని ఊడబీకి, "అమ్మా, గిది పట్టుకో, ఉడికిపోతుంది" అని నా చేతిలో పెట్టి, మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టింది.

ఆట ఆగిపోయింది. ఒక ముసలామె, పాపం ప్రేమగానే, ఏ దేవునికిచ్చినవు బిడ్డా అని అడిగింది. మా అత్త నోరు తెరవబోయింది. నేను ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను.

"ఏ దేవునికి ఇయ్యలే. అదే ఊడింది. వస్తే వస్తది, లేకుంటే లేదు," అంది నా బిడ్డ.

అప్పుడు మా అత్త నా చేయి విడిపించుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, "ఇన్నరు గదా, ఆడున్రి మరి, పొద్దుగూకుతుంది," అని అందరినీ కసిరి తనే మొదటి చప్పట కొట్టింది. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ మా అత్త ఆ పిల్ల జుట్టు గురించి ఏ దేవుని పేరూ ఎత్తలేదు. నా పెనిమిటి ఆ విగ్గును పెట్టెలో దాచాడు, ఇప్పటికీ అందులోనే ఉంది.

నా బిడ్డ ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. జుట్టు రెండేళ్ళు వస్తుంది, ఒక ఏడు పోతుంది. వచ్చినప్పుడు పొట్టిగా కత్తిరించుకుంటుంది, పోయినప్పుడు అట్లాగే డ్యూటీకి పోతుంది. ఆదివారాలు నా దగ్గరికి వస్తే నూనె పెట్టడానికి నా చేతులు ఇంకా జడ కోసం వెతుక్కుంటాయి, అది మాత్రం నిజం. అప్పటికీ ఇప్పటికీ మందులు పెరిగాయి, జబ్బు పేరు పసిపిల్లల తల్లులకు కూడా ఫోనులో దొరుకుతోంది. కానీ ఆనాటి ముసలామెలాగా ముఖం మీద అడిగేవాళ్ళు పోయారు. ఇప్పుడు ఎవరూ అడగరు, ఒకసారి చూసి ఫోనులోకి తల దించుకుంటారు. అడిగితే కదా జవాబు చెప్పేది.

ఇదంతా చెప్పి, ఏమని చెప్పాలో నన్నడగకు, నీ బిడ్డను అడుగు అన్నాను. ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది. నేను కథ చెబుతున్నంతసేపట్లో ఆ పిల్ల ఉక్కకు తాళలేక టోపీ తీసి చాప మీద పడేసింది. వెళ్ళేటప్పుడు వీధి గుమ్మం దాటాక తల్లికి టోపీ గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. రేపు తీసుకుపోదువులే, ఎండగా ఉంది, నడువు అన్నాను. ఆమె బిడ్డ నెత్తి వంక చూసింది, గల్లీ వంక చూసింది, పిల్ల చేయి పట్టుకుని నడిచిపోయింది. టోపీ ఇంకా మా గూట్లోనే ఉంది, దాని కోసం ఎవరూ రాలేదు.