కదలని కంప్యూటర్, ఆగని నోరు

ఆ రోజుల్లో ఏ వస్తువు కొనాలన్నా 'తెలిసినవాణ్ణి' ఒకణ్ణి వెంటబెట్టుకుని వెళ్లడం మా కర్మన్‌ఘాట్ కాలనీలో ఆచారం. ఫ్యాను కొంటే కరెంటు పని తెలిసినవాడు, బండి కొంటే మెకానిక్ షెడ్డుకు తరచూ వెళ్లొచ్చేవాడు, కంప్యూటర్ కొంటే నేను. నాకు తెలిసిందల్లా ఎల్బీ నగర్‌లో ఒక జిరాక్స్ సెంటర్లో కూర్చుని టైపు కొట్టి ప్రింటు తీయడం (ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే మా సేటు వచ్చి లాగేవాడు). అయినా గల్లీ మొత్తం నన్ను 'కంప్యూటరు' అని పిలిచేది, నేను పలికేవాణ్ణి. పలకడమే కాదు, దానికి తగ్గట్టు నడక కూడా కొంచెం మార్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ముందు ఆ నడకకే సిగ్గేస్తుంది. తర్వాత జరిగినదాని సంగతి ఇక చెప్పక్కర్లేదు గానీ, చెబుతాను.

మాది నల్గొండ దగ్గర పల్లె. ఇక్కడ ఒక ఇంటి మేడ మీద ఒంటి గదిలో కిరాయికుండేవాణ్ణి. కింద ఉండే ఓనరంకుల్‌ది గుంటూరు వైపు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇక్కడే చేసి, ఆ ఇల్లు దగ్గరుండి కట్టించుకుని, రిటైరై అందులోనే ఉంటున్నారు. అది తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న కాలం. బంద్ లేని రోజును వెతుక్కోవాల్సి వచ్చేది. నేనూ ర్యాలీల్లో గొంతు పోయేలా అరిచి, ఇంటికొచ్చి ఓనరాంటీ ఇచ్చిన మిరియాల పాలు తాగి గొంతు బాగుచేసుకుని, మర్నాడు మళ్లీ వెళ్లి అరిచేవాణ్ణి. అందులో తేడా ఏమైనా ఉందని నాకూ తోచలేదు, ఆమెకీ తోచలేదు. ఆంటీ తమ్ముళ్లు మాత్రం విజయవాడ నుంచి రోజూ ఫోన్ చేసి, ఇల్లు అమ్మేసుకుని వచ్చేయండక్కా అని పోరేవారు. ఆంటీ మనసు ఊగుతుండేది. అంకుల్ ససేమిరా అనేవారు.

ఒక సాయంత్రం అంకుల్ నన్ను కిందికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు. "అబ్బాయ్, కంప్యూటర్ కొంటున్నా. లాప్‌టాప్ వద్దు, అది సంచిలో వేసుకుని పోయేవాళ్లకి. నాకు హాల్లో ఒకచోట కూర్చుని కదలనిది కావాలి. అలాంటిది ఇంట్లో బిగించామనుకో, మీ ఆంటీ కూడా ఇక వెళ్దాం అనదు. ఆల్ ఇన్ వన్ అని పేపర్లో వేశాడు. నువ్వొచ్చి పరీక్ష చేసి పెట్టాలి." ఆల్ ఇన్ వన్ అనే మాట నేను వినడం అదే మొదలు. "ఏం ఫికర్ చేయకుండ్రి అంకుల్, నేనున్న గద" అన్నాను. అంతటితో ఊరుకోక సలహా కూడా ఇచ్చాను. "ఒక్కటి యాదుంచుకోండ్రి. మనం చూసిన పీసే తీస్కోవాలె. డబ్బాలది ఇస్తమంటే ఒప్పుకోవద్దు. చూపిచ్చేదొకటి ఉంటది, ఇచ్చేదొకటి ఉంటది." అంకుల్ ఆ మాట శ్రద్ధగా విన్నారు. ఆయన ఏ మాటైనా శ్రద్ధగానే వింటారని నాకు తర్వాత బాగా తెలిసొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో షాపు. సేల్స్‌మన్ నా ఈడువాడే. బల్ల మీద టీవీ లాంటిదొకటి పెట్టి 'ఇదే సార్' అన్నాడు. నేను దాని చుట్టూ తిరిగాను. వెనక్కి వెళ్లి చూశాను. సీపీయూ బల్ల కింద పెట్టారేమోనని వంగి కూడా చూశాను (వంగినందుకు చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు నటించాను). సీపీయూ తెర వెనకాలే ఉంటుందని, స్పీకర్లు, మైకు, కెమెరా అన్నీ లోపలే ఉంటాయని అతను చెప్పాడు. 'అది తెలుసులే' అన్నట్టు తల పంకించి, దాని వీపు మీద చెయ్యి వేసి వేడి చూశాను. జ్వరం లేదని తేల్చాను.

అంతలో కింద నినాదాలు వినపడ్డాయి. ర్యాలీ వస్తోందని షాపువాళ్లు షట్టర్ సగం దించారు. అప్పుడే ఆంటీ ఫోన్. లోపల సిగ్నల్ అందక అంకుల్ మెట్ల మీదికి వెళ్లారు. ఆ ఖాళీలో నేను కెమెరా పరీక్ష మొదలుపెట్టాను. తెరలో నా ముఖం కనపడింది. జుట్టు దువ్వుకుని ఫోటో కోసం ఎర్ర బొత్తాం నొక్కాను. టిక్కుమని చప్పుడు రాలేదు. కెమెరా ఖరాబని మనసులో అనుకుని వదిలేశాను.

సేల్స్‌మన్ "ఏ ఊరన్న?" అన్నాడు. ఇద్దరిదీ నల్గొండేనని తేలింది. ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు. "ఆయన మీ చుట్టమా అన్న?" అనడిగాడు. "ఏ, కాదన్న! మా ఓనరు. గుంటూరాయన. లాప్‌టాప్ తీస్కోమంటే ఇనడు. కదలనిది కావాల్నట! రేపు తెలంగాణ ఒచ్చినంక మూట గట్టుకొని పోయేటోనికి కదలనిది ఎందుకన్న? మళ్ల గా డబ్బ మోసుడు నాకే పడ్తది" అన్నాను. అతను నవ్వాడు. ఒక మనిషి నవ్వితే చాలు, ఆ వయసులో నేను పది మందికి సరిపడా నటించేవాణ్ణి. ముక్కుతో అంకుల్ గొంతు తీశాను. "అబ్బాయ్! ట్యాంకు నిండింది, మోటరు కట్టేసి రా! అదేంటి? ఇదేంటి? ఎలా అంటావ్?" అతను బల్ల పట్టుకుని నవ్వాడు.

అంకుల్ తిరిగొచ్చారు. నేను పెద్దమనిషి ముఖం పెట్టి, తెర మీద ఇంకా ఉన్న ఎర్ర బొత్తాన్ని మరోసారి నొక్కి, ఆ కెమెరా కిటికీ మూసేశాను. "సౌండు చూడవా అబ్బాయ్?" అన్నారాయన. వెతికితే ఒకే ఒక్క ఫైలు కనపడింది. కంపెనీవాళ్లు పెట్టిన పాటేదో అనుకుని, వాల్యూమ్ చివరికంటా పెంచి నొక్కాను.

ముందు నేను జుట్టు దువ్వుకుంటూ ప్రత్యక్షమయ్యాను. "బాగున్నావయ్యా" అని అంకుల్ నవ్వారు. తర్వాత నా గొంతు మొదలైంది. మామూలు కంప్యూటరైతే స్పీకర్ వైరు పీకి పారేసేవాణ్ణి. దీనికి పీకడానికి వైరే లేదు! చేతులు అడ్డం పెడదామంటే స్పీకర్లు ఎక్కడున్నాయో తెలియదు. మౌస్ చేతిలో జారిపోతోంది. 'మూట గట్టుకొని పోయేటోనికి' అన్న మాట షాపంతా మోగింది. సేల్స్‌మన్ పైకి తిరిగి ట్యూబులైటు కేసి చూస్తూ నిలబడ్డాడు. ముక్కుతో తీసిన గొంతు, మోటరు, అన్నీ అయ్యాకే అది తనంతట తాను ఆగింది. నా జీవితంలో అంత సిగ్గుపడింది అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. మెట్ల మీంచి దూకేద్దామనిపించింది, కానీ షట్టర్ అడ్డం.

అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "సౌండు బాగుంది. ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది" అన్నారు. తర్వాత సేల్స్‌మన్ వైపు తిరిగి ప్యాక్ చెయ్యమన్నారు. "డబ్బాల కొత్త పీసుంది సార్, గదిస్త" అన్నాడతను. ప్రాణం లేచొచ్చింది. "అవునంకుల్, డబ్బాలదే తీస్కుందం!" అన్నాను. "వద్దు. చూసిన పీసే తీసుకోవాలని నువ్వేగా చెప్పావ్" అన్నారు అంకుల్.

స్కూటర్ మీద ఆయన ముందు, నేను వెనక, నా ఒళ్లో దుప్పటి చుట్టిన కంప్యూటర్, దాని కడుపులో నా మాటలు. కొత్తపేట దగ్గర ర్యాలీలో కుర్రాళ్లు ఆపారు. "ఏంది అంకుల్ అది? ఏడికెళ్లి తెస్తుండ్రు?" అంకుల్ నోరు విప్పలేదు. విప్పితే ఏ ఊరో తెలిసిపోతుందని ఆయన భయపడ్డారని వెనక నుంచి నాకు అర్థమైంది. నవ్వుకోవడానికి నేను తీసిన గొంతు ఆయనకు ఇలాంటిచోట ఎంత బరువో అప్పుడు తెలిసింది. "మా బాబాయన్న, ఇంటికి పోతున్నం" అన్నాను. దారిచ్చారు. ఎల్బీ నగర్ దాటాక, వెనక్కి తిరక్కుండానే అడిగారు. "నేను బాబాయినెప్పుడయ్యానబ్బాయ్?"

కంప్యూటర్ హాల్లో కూర్చుంది. ఆంటీ దానికి బొట్టు పెట్టారు. ఆమె మౌస్ పట్టుకున్నారని తెలిస్తే చాలు, పైన నేను మెట్ల దగ్గరకొచ్చి చెవి ఒగ్గేవాణ్ణి. ఆ ఫైలు ఆంటీ విన్నారంటే ఇక తమ్ముళ్లు ఫోన్ చేయాల్సిన పనే లేదు. మేడ మీద కుర్రాడే ఇలా అనుకుంటున్నాడంటే ఇక్కడెలా ఉంటామంటారు, ఇల్లు అమ్మించేస్తారు. నా మాట వల్ల వాళ్లు ఇల్లు వదలడమా! ఎదురుపడలేక చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాణ్ణి. ఒక ఆదివారం ఆంటీ పట్టుకుని "ఏం నాయనా, కనపడ్డమే మానేశావ్. ఉప్మా తినిపో" అన్నారు. ఇదే అదనని, "వైరస్ ఉందేమో చూస్త ఆంటీ" అంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

నా ఫైలు లేదు. దాని స్థానంలో ఇంకొకటి ఉంది. సౌండు బాగా తగ్గించి (అంతమాత్రం నేర్చుకున్నాను) నొక్కాను. అంకుల్ నుదురు, కళ్లజోడు, పైన తిరిగే ఫ్యాను కనపడ్డాయి. "అబ్బాయ్, నువ్వు చెరిపేయడానికి వస్తావని తెలుసు. నేనే తీసేశా. మీ ఆంటీ వింటే సాయంత్రానికి సామాను సర్దుతుంది. నాకు వెళ్లాలని లేదు." ఆ నుదురు తెరకు ఇంకాస్త దగ్గరైంది. "బాధేసింది. లేదని అబద్ధం చెప్పను. గొంతు మాత్రం అచ్చంగా తీశావయ్యా." ఆ వీడియోలోనే వంటింట్లోంచి ఆంటీ, "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంటున్నారు. "పైనబ్బాయితో." "వాడు లేడుగా?" "లేనప్పుడు కూడా మాట్లాడుకోవచ్చులే, ఇందులో."

కళ్లు తుడుచుకుని వరండాలోకి వచ్చాను. అంకుల్ పేపర్లోంచి తలెత్తలేదు. "పోయిందా వైరస్?" అన్నారు. "పోయింది బాబాయ్" అన్నాను. ఈసారి దారికి అడ్డంగా ఎవరూ నిలబడి లేరు. ఆయన పేజీ తిప్పి, "సరే, ట్యాంకు నిండింది, మోటరు కట్టేసి రా" అన్నారు.

తెలంగాణ వచ్చింది. వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. నేనే వనస్థలిపురం మారాను. ఇప్పుడు నా ఉద్యోగమంతా కంప్యూటర్లో మనుషులతో మాట్లాడటమే. పక్కవాళ్లతో నోరు తెరిచే ముందు మైకు ఆపి ఉందో లేదో చూసుకుంటాను, ఆపింది చాలదని చేత్తో కూడా మూస్తాను. ఆ కంప్యూటర్ చచ్చిపోయి చాలా కాలమైనా, ముసుగేసుకుని వాళ్ల హాల్లో అక్కడే ఉంది. అప్పుడప్పుడు వెళ్తుంటాను. జుట్టు దువ్వుకుంటూ తెరలోకి చూసిన ఆ కుర్రాణ్ణి ఒక్కసారి చూడాలనిపిస్తుంది గానీ, చెరిపేశారు కదా. ఆ మాటంటే బాబాయి నవ్వి, కుర్చీలో వెనక్కి వాలి, ఛాతీ విరిచి, నా గొంతుతో అంటారు. "ఏం ఫికర్ చేయకుండ్రి అంకుల్, నేనున్న గద." అచ్చం నాలాగే ఉంటుంది. సిగ్గుతో తల దించుకుని నేనూ నవ్వుతాను.