“మావోడే” అని లేవాల్సిన వాళ్లు

ఆ ఆదివారం పొద్దున్నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. టీ సగం తాగి వదిలేశాను. చొక్కా రెండుసార్లు మార్చాను. పదింటికి మా పేట ఖుర్సీపార్‌లో, తెలుగు యువజన సంఘం హాల్లో సమావేశం. మా మేనకోడలు సభ్యత్వం అడగబోతోంది. తనను గుమ్మం బయట నిలబెట్టే నిబంధన రాసింది నేనే.

మొదటి నుంచీ చెబుతాను. రాయపూర్‌లో ఉండే పెద్ద సంఘం ఆ ఏడాది అన్ని శాఖలకూ కొత్త నియమావళి పంపింది. పద్దెనిమిది, ముప్పై అయిదేళ్ల మధ్య ఉండి తెలుగు మాట్లాడే ఎవరైనా సభ్యులు కావచ్చు. పదవుల్లో ఉండేవాళ్లకూ అదే వయసు. మాది పేరుకు యువజన సంఘమే గాని అధ్యక్షుడికి నలభై ఎనిమిది, కార్యదర్శినైన నాకు నలభై ఒకటి. మమ్మల్ని ఇంటికి పంపించే కాగితం అది. నాకు ఒళ్లు మండింది. మా సంగతులు అక్కడ కూర్చున్నవాళ్లకేం తెలుసని మూడు పేజీల ఉత్తరం దంచాను. వయసు మాట ఎత్తితే నవ్వుతారని, మా పాత ఆచారాన్ని ముందు పెట్టాను.

ఆ ఆచారాన్ని మేం ఊరు చెప్పడం అంటాం. కొత్తగా చేరేవాడు అందరి ముందూ నిలబడి ఇంటిపేరు, ఊరు, ఎవరి కొడుకో చెప్పాలి. ఆ ఊరివాడో పక్క ఊరివాడో ఒకరు లేచి “మావోడే” అనాలి. అప్పుడే పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఇక్కడ ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా నాన్నలు రైలు దిగి వచ్చినప్పుడు, ఎవరో ఒకరు ఆ మాట అంటేనే పడుకోవడానికి చోటు దొరికేదట. పాలకొండ దగ్గర మా ఊరికి నేను పుట్టి బుద్ధెరిగాక మూడుసార్లు వెళ్లాను, అదీ పెళ్లిళ్లకు. అయినా నేను చేరిన రోజున ఒక పెద్దాయన లేచి “మావోడే” అంటే నాకు ఏడుపొచ్చింది.

ఉత్తరం మీద ఉత్తరం రాసేసరికి రాయపూర్‌వాళ్లు విసిగిపోయి, సభ్యత్వం, పదవుల విషయంలో ఏ శాఖ నిబంధనలు ఆ శాఖే చేసుకోవచ్చన్నారు. సుపేలా బజారు నుంచి మిఠాయి తెప్పించి పంచుకున్నాం. ఆ ఊపులోనే కూర్చుని రాశాను: “సభ్యులు తమ తండ్రి స్వగ్రామం చెప్పవలెను. ఆ ప్రాంతపు సభ్యుడొకరు లేచి నిర్ధారించవలెను.” తండ్రి అన్న మాట ఆలోచించి రాసింది కాదు, అలవాటుగా పడిపోయింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో మా మేనకోడలు పడింది.

మా అక్క పక్కనున్న దుర్గ్‌కు చెందిన ఛత్తీస్‌గఢీ అబ్బాయిని ప్రేమించి పెళ్లి చేసుకుంది. వాళ్లమ్మాయి ఖుర్సీపార్‌లో మా అమ్మ దగ్గరే పెరిగింది. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. మా సభ్యుల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు, మధ్యలో భయ్యా, యార్ లేకుండా మాట నడవదు. ఈ పిల్ల ప్రతి ఆదివారం హాలు వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తుంది. సభ్యురాలు కాదని తాళం చెవి ఇవ్వరు. వానొస్తే ఆ వారం చదువు లేనట్టే. సభ్యురాలై, అధ్యక్ష పదవికి నిలబడి, ఆ హాలు పిల్లలకు తెరిపించాలని తన పట్టుదల.

వారం ముందే ఇంటికొచ్చి అడిగింది.

“మావయ్యా, నాకోసం నువ్వు లెగుస్తావు కదా?”

“లెగకేటి? నా మేనకోడలివి కావేటి?” అన్నాను. ఆ మాట అన్నది మొదలు నాకు అన్నం సయించలేదు.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. ముందు ఇద్దరు కుర్రాళ్లు ఊళ్లు చెప్పారు. ఒకడికి తన ఊరి పేరే సరిగా నోరు తిరక్కపోతే అధ్యక్షుడు అందించి, తనే లేచి “మావోడే” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత మా పిల్ల లేచింది. తండ్రి ఇంటిపేరు చెప్పింది.

“ఊరేటమ్మా?” అన్నాడు అధ్యక్షుడు.

“ఖుర్సీపార్.”

“అది కాదే గుంటా, మీ నాన్నది.”

“మా నాన్నది దుర్గ్. నాది ఇదే. మీరందరూ ఇక్కడ పుట్టినోళ్లే కదా. ఒక్కలు లెగండి, సాలు.”

నిజమే, ఒకరిద్దరు తప్ప ఆ హాల్లో అందరం ఖుర్సీపార్‌లో పుట్టినవాళ్లమే. ఎవరూ కదల్లేదు. తను నావైపు చూసింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాను.

“తమ్ముడూ, రూలు నువ్వే రాసినావు,” అన్నాడు అధ్యక్షుడు మెల్లగా. “నువ్వే దాన్ని తప్పితే రాయపూరోళ్లు ఊరుకుంటారేటి? రేపు మన వయసులు అడగరూ?”

కూర్చున్నాను. పదవి పోతుందనే కూర్చున్నాను. ఇంకో కారణం చెబితే అది బొంకు.

రిజిస్టరు నా ముందే ఉంది. రాశాను: “నిర్ధారించుటకు ఎవరూ లేవలేదు. సభ్యత్వం ఇవ్వలేదు.” తను బల్ల దగ్గరికొచ్చి అది చదివింది.

“ఎవరూ లెగలేదని కాదు మావయ్యా,” అంది. “నువ్వు లెగలేదని రాయి.”

రిజిస్టరు మూసేశాను. ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పటికీ కార్యదర్శిని నేనే.