మక్కచేను మీద రాకెట్ దారి

కంఠేశ్వర్‌లోని మా ఇంటి పై వాటాలో చాలా ఏళ్లుగా అద్దెకుంటున్న సార్, వయసులో ఉన్నప్పుడు రాకెట్ల దగ్గర పనిచేశారు. రాకెట్ ఎప్పుడు ఎటు తిరగాలో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామును మరో ముగ్గురితో కలిసి రాశారు. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. ఆ కంప్యూటర్ తుక్కుకు పోయింది. మిగిలింది ఒక్క టేపు. పాటల క్యాసెట్టులోని రీలు లాంటిదే గానీ అరంగుళం వెడల్పు. దాన్ని చుట్టిన చక్రం పెళ్లివంటల మూకుడంత. మొత్తం విప్పితే గుడి చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేసి, మన చెప్పుల దగ్గరికొచ్చి ఆగుతుందని నా అంచనా.

మా ఇల్లు వానకు కురుస్తుంది. బయట వెలిశాక కూడా లోపల ఇంకో రెండు రోజులు పడుతుంది. ఇంటి యజమానిని నేనే కనుక, కప్పు బాగుచేయించడం కంటే టేపును ఊరు దాటించడం తేలిక అనిపించింది.

"కమ్మర్‌పల్లిల మా అక్కది స్లాబు ఇల్లు సార్. అటక మీద వెడితే వందేండ్లయినా ఏం గాదు" అన్నాను. సార్ దాన్ని తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టారు.

మూడేళ్లు గడిచాయి. పాత రాకెట్ల ప్రోగ్రాములు వెతికి, అందరూ చూసుకునేలా ఇంటర్నెట్టులో పెట్టేవాళ్లు కొందరు సార్‌కు ఉత్తరం రాశారు. టేపు పంపితే చదువుతామన్నారు. అది మెయిల్లో నా ఫోనుకే వచ్చింది. సార్‌కు ఫోనులో అక్షరాలు ఆనవు. పదకొండుసార్లు చదివించుకున్నారు.

"రేపే వోయి పట్కరా. నేనుండంగనే అది బయటికి రావాలె" అన్నారు.

మర్నాడు ఆర్మూర్‌లో షేర్ ఆటో ఎక్కి కమ్మర్‌పల్లిలో దిగాను. అక్క మక్కచేను గట్టు ఎక్కగానే వెయ్యి తుమ్మెదలు ఒక్కసారే అలిగినట్టు హోరు వినిపించింది. కర్రకూ కర్రకూ మధ్య, చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా, రీలు గాలికి వణుకుతూ మెరుస్తోంది. చిలకలను బెదరగొట్టడానికి పాత క్యాసెట్ల రీలు కట్టడం మా వైపు మామూలే. ఇంత వెడల్పు రీలు మాత్రం ఏ పాటలకూ ఉండదు.

"సూసినవా తమ్మీ!" అక్క ముఖం వెలిగిపోతోంది. "ఒక్క సిలుక వాలలె. పక్కోళ్లది రెండు గాలులకే తెగింది. గిది మోకు లెక్కున్నది. ఇంకోటుంటే తే, ఎనుక మడికి గడ్త."

"అక్కా, గది రాకెట్‌ది!"

"ఎవ్వలిదైతేంది? సిలుకలు బెదిరినయా, లేదా?"

"ఎప్పుడు గట్టినవే?"

"కంకులు పాలు వోసుకున్నప్పుడే. నెల గాలే ఇంకా. అటక మీద ఊకెనే వడున్నది గదా!"

నెల నాళ్ల ఎండ, నడుమ వానలు. చేత్తో పట్టుకుంటే గోధుమరంగు పొడి రాలింది. ప్రోగ్రాము ఉండేది ఆ పొడిలోనే. రాకెట్ తిరగాల్సిన మలుపు ఒకటి నా బొటనవేలికి అంటుకుంది. తుడుచుకోవడానికి భయమేసి, చెయ్యి పైకెత్తుకునే చేను దాటాను. నేను ఒక్కో కర్ర నుంచీ రీలు విప్పుతూ పోతుంటే, వెనక అక్క తిట్లూ చిలకలూ కలిసి దిగాయి. గట్టి ముడులున్న చోట కొడవలితో కోయక తప్పలేదు.

సాయంత్రం ఆ ముక్కలన్నీ కుక్కిన సంచిని సార్ ముందు పెట్టాను. ఆయన అప్పటికే అట్టపెట్టె మీద అడ్రసు రాసి, ఇంకు ఆరడానికి కిటికీలో పెట్టి ఉన్నారు. సంచిలోకి తొంగి చూశారు.

"ఏ ముక్క తర్వాత ఏ ముక్కనో గుర్తు వెట్టినవా?"

"లేదు సార్."

"మీ అక్కనేమనకు. కురిసే కప్పు ఆమెది గాదు గదా."

ఆయన ఒక ముక్క ఒళ్లోకి తీసుకుని, అక్క వేసిన ముడిని గోటితో విప్పడం మొదలుపెట్టారు. నేనూ ఒకటి తీసుకున్నాను. రెండెద్దులు లాగినా వదలని ముడి అది. దీపం వేసే వేళకు ఇద్దరికీ కలిపి ఒక్కటి ఊడి వచ్చింది, దానితోపాటు పిడికెడు పొడి.

"వాళ్లకేమని రాయాలె సార్?"

సార్ ఇంకో ముడి అందుకున్నారు. నేను ఫోనులో 'నమస్కారం' అని కొట్టాను. ఆ జవాబులో ఇవాళ్టికీ ఆ ఒక్క మాటే ఉంది.