నాలుగు పలకల చెరువులో ఐదువందల నలభై డిగ్రీలు

గుడివాడలో సర్వే ఆఫీసులో చేరిన కొత్తలో నన్ను ఒంటరిగా ఫీల్డుకి పంపడానికి మా సీనియర్‌గారికి ప్రాణం ఒప్పేది కాదు. పోరగా పోరగా చివరికి కృత్తివెన్నులో ఒక రొయ్యల చెరువు కొలిచే పని ఇచ్చారు. "లోపలి కోణాలన్నీ కూడి, డిగ్రీల్లోకి మార్చి, గట్టు దిగకముందే ఫోన్ చెయ్యి. లెక్క కుదరలేదో, రేపట్నుంచి ఆఫీసులో కూర్చుని మ్యాపులు గీసుకో" అన్నారు. ఆ మ్యాపుల గదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు.

ఎండ మాడ్చేస్తున్నా నాకు పట్టలేదు. గట్టు వంపు తిరిగిన చోటల్లా పరికరం నిలబెట్టి కోణం తీసుకున్నాను. మా ట్యాబ్ కోణాలను రేడియన్లలోనే చూపిస్తుంది. ఆ సెట్టింగు మార్చే ఓపిక ఆఫీసులో ఎవరికీ లేదు. అన్నీ కూడితే 9.42 వచ్చింది. నూట ఎనభైతో గుణించి, పై విలువ 3.14తో భాగించాను. ఐదువందల నలభై!

చెరువంటే నాలుగు మూలలు, ఆఫీసులోని పాత మ్యాపులోనూ అంతే, మొత్తం మూడువందల అరవై డిగ్రీలు. బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. మళ్ళీ కూడి చూశాను, మళ్ళీ మార్చాను. అదే! ఒకటీ అరా కాదు, ఏకంగా నూట ఎనభై ఎక్కువ. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

చెరువు రైతు కొబ్బరిబోండాంతో పరిగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా, పాము గానీ కనపడిందా?"

"మీ చెరువుకి కోణాలు ఎక్కువైపోయాయి మావయ్యగారూ!"

"ఆ తూర్పు మూల సంగతా? అక్కడ బురద పేరుకుని రొయ్య చచ్చిపోతోందని, పోయిన పంటకి మూలకి అడ్డంగా గట్టు వేయించేశానమ్మా. ఇప్పుడు గాలి పట్టించే ఏరేటర్‌తో నీళ్ళు చక్కగా తిరుగుతున్నాయి."

తలెత్తి చూశాను. ఒక మూల పోయి రెండు వచ్చాయి. మొత్తం ఐదు! ఐదింటి దగ్గరా పరికరం పెట్టింది నేనే, నాలుగేననుకుని ఏడ్చిందీ నేనే. మూల పెరిగితే నూట ఎనభై పెరుగుతుంది, ఐదు మూలలుంటే ఐదువందల నలభయ్యే రావాలి! సంతోషం పట్టలేక గెంతులు వేశాను. గట్టు కూలుతుందేమోనని మావయ్యగారు కంగారుపడ్డారు.

"సార్, ఐదువందల నలభై!" అన్నాను ఫోన్లో.

"చెరువుకా?"

"ఐదు మూలల చెరువు సార్! పాత మ్యాపే తప్పు, నా లెక్క రైటు."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"రేపు నాగాయలంకలో ఇంకో చెరువుంది," అన్నారు. "పరికరం ఆఫీసుకి తేవద్దు. మీ ఇంటికే పట్టుకెళ్ళు."